ఎడమ కాలిని నమ్మిన మాస్టారు

రహీం సాబ్ పేరు మీలో ఎంతమంది విన్నారు? 2024లో మైదాన్ అని ఒక హిందీ సినిమా వచ్చింది. అందులో అజయ్ దేవగణ్ వేసిన ఫుట్‌బాల్ కోచ్ వేషం ఎవరిదనుకున్నారు? అచ్చంగా మన హైదరాబాదీ, బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీంది!

ఆడవాళ్ళ పేజీలో ఈ ఫుట్‌బాల్ గోలేమిటి అనకండి. నాకూ ఆట తెలియదు. ఎవరు ఎటువైపు గోలు కొట్టాలో మా అబ్బాయి చెబితేగానీ అర్థం కాదు. మేముండేది నాంపల్లిలో. ఆబిడ్స్‌లో బజారు పని చూసుకుని బషీర్‌బాగ్ వైపు వెళ్తే లాల్‌బహదూర్ స్టేడియం గోడ పక్కనుంచే దారి. 1967లో పేరు మారినా పాతకాలం వాళ్ళు ఇంకా ఫతేమైదాన్ అనే అంటారు. ఇప్పుడు హైదరాబాద్ అనగానే అందరికీ క్రికెటర్లే గుర్తొస్తారు గానీ, ఒకప్పుడు ఈ ఊరు ఫుట్‌బాల్ ఊరు. ఆ పేరు తెచ్చినవారిలో మొదట చెప్పుకోవాల్సింది ఈ మాస్టారి గురించే.

రహీం 1909లో ఇక్కడే పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ కాలేజీ జట్టులో ఆడారు. డిగ్రీ అయ్యాక కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బళ్ళలో పాఠాలు చెప్పారు. ఆనక వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. అంతే, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1954 దాకా వరసగా ఐదేళ్ళూ మన పోలీసులే ఎగరేసుకొచ్చారు.

ఇంతకీ ఆయన చేసిన మాయేమిటి? నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. కుర్రాళ్ళకి ఆయన ఒక తమాషా పోటీ పెట్టేవారు. అలవాటున్న కాలితో బంతి తన్నకూడదు, రాని కాలితోనే ఆడాలి! కుడికాలి వాటం వాళ్ళందరూ ఎడమ కాలితో తంటాలు పడాలన్నమాట. ఇంకో పోటీలో బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుని సోకులు పోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. రాని కాలిని తిట్టి లాభంలేదు, దానికీ పని చెప్పాలి. నేనొక్కణ్ణే అనుకోకూడదు, పక్కవాడూ ఉన్నాడని గుర్తుండాలి. ఇది బడిపంతులు బుర్రలో పుట్టే ఆలోచనే గానీ మరొకటి కాదు.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని ఓ బీద కుర్రాడుండేవాడు. రహీం ఆ పిల్లవాడి ఆట చూసి రమ్మన్నారు. రావడానికి డబ్బుల్లేవంటే సైకిలు అద్దెకి తనే ఇచ్చారట. బలరాం పెద్దయ్యాక ఆ మాట తలుచుకునేవారు. ఆ సైకిలు కుర్రాడే మూడేళ్ళు తిరక్కుండా ఒలింపిక్స్‌కి వెళ్ళాడు!

దేశం జట్టుకీ రహీమే కోచ్. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్ళు చాలామంది ఆ చలిలో ఒట్టికాళ్ళతోనే ఆడారు మరి. ఆయన కుంగిపోలేదు. అక్కడ యూరప్ జట్ల ఆట శ్రద్ధగా చూసి, అది మనవాళ్ళకి నేర్పారు. నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళాం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో ఆసియా జట్టు అంతదూరం వెళ్ళడం అదే మొదలు.

1960లో రోమ్ వెళ్ళిన జట్టులో ఆయన కొడుకు హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచ్‌లు జరిగాయి. ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. తండ్రి కోచ్ అయినా సరే! ఇది తల్చుకుంటే ఆ ఇంట్లో తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందోనని నాకనిపిస్తుంది. ఆ హకీమే తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2021లో పోయారు.

ఇక జకార్తా, 1962. అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాతో ఓడిపోయాం. జర్నైల్ సింగ్ అనే డిఫెండర్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే పక్కన కూచోబెట్టేవాడే. రహీం ఆయన్ని కట్టుతోనే ముందు వరుసలోకి పంపారు. సెమీఫైనల్లో గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు! సెప్టెంబర్ 4న లక్షమంది జనం మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే, అదే కొరియాని 2-1తో గెలిచాం. దెబ్బ తగిలినవాడిలోనూ ఇంకా ఏం మిగిలుందో చూడగలిగే కన్ను ఆయనది.

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, ఆయన కన్నుమూశారు. నిండా యాభై నాలుగేళ్ళు లేవు. 1970లో మన హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్సీలో కంచు పతకం వచ్చింది గానీ, ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో బంగారం మాత్రం మళ్ళీ రానేలేదు.

మార్కుల కాగితం ఇంటికి రాగానే మనం ముందు చూసేది ఎర్రగీత పడ్డచోటే. ఇది నీవల్ల కాదులే అని పిల్లవాడి ముందే అనేస్తాం. ఈసారి అలా అనేముందు ఆ మాస్టారిని ఒక్కసారి తల్చుకోండి. రాని కాలికి కూడా ఆయన ఒక పోటీ పెట్టారు.