జార్జ్ ఓర్: పిచ్చి కుమ్మరి అని నవ్వారు.. 50 ఏళ్ల తర్వాత ఆ కుండల కోసమే ఎగబడ్డారు!

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు బిలాక్సీ. 1857లో అక్కడ ఓ కమ్మరి ఇంట్లో పుట్టారు జార్జ్ ఓర్. సుత్తి వదిలేసి న్యూ ఆర్లీన్స్‌లో కుండల పని నేర్చుకున్నారు. రెండేళ్ల పాటు ఊరూరూ తిరిగి కుమ్మరి షెడ్లన్నీ చూసొచ్చి, సొంతూళ్లో దుకాణం పెట్టారు.

పూలకుండీలు, కూజాలు, మట్టి గొట్టాలు.. ఇల్లు గడవడానికి అవే. కానీ 1894లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దుకాణం బూడిదైంది. కాలిపోయిన కుండలను ఆయన పారేయలేదు. కాలిన తన బిడ్డలని పిలుస్తూ దాచుకున్నారు.

అసలు ఓర్ అక్కడి నుంచే మొదలయ్యారని చెప్పాలి. సారె మీద కాగితమంత పల్చగా కుండ లేపేవారు. అంత పల్చగా లేపడమే ఓ విద్య. పచ్చిగా ఉండగానే దాన్ని మెలితిప్పి, నొక్కి, మడతలు పెట్టేవారు. పిడులు రిబ్బన్లలా వంకర్లు తిరిగేవి. ఒకదానిలా ఇంకోటి ఉండదు. అందులో నీళ్లు పోసుకోవాలని ఎవరికీ అనిపించదు, చుట్టూ తిరిగి చూడాలనిపిస్తుంది. చివరి రోజుల్లో గ్లేజు పూత కూడా మానేసి, మట్టి రంగునే వదిలేశారు.

జనం మాత్రం ఆయన పొడవాటి మీసాలు, వింత వేషాలు చూసి నవ్వుకుని పోయేవారు. ఓర్ కూడా తక్కువేం కాదు, పిచ్చోడన్న పేరుతోనే ప్రచారం చేసుకున్నారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో మెడల్ వచ్చినా కొనేవాళ్లు అంతంతమాత్రమే. పైగా మంచి కుండలు విడిగా అమ్మడం ఆయనకే ఇష్టం లేదు. మొత్తం కలిపి దేశమే కొనాలని ఆశ.

అది జరగలేదు. 1910 నాటికి సారె ఆపేశారు. 1918లో గొంతు క్యాన్సర్‌తో చనిపోయారు. వేల కుండలు కొడుకుల ఆటో రిపేర్ షాపు దగ్గర పెట్టెల్లో ఉండిపోయాయి.

1968లో పాత కారు పార్టులు వెతుక్కుంటూ వచ్చిన న్యూజెర్సీ వ్యాపారి జేమ్స్ కార్పెంటర్ కంట అవి పడ్డాయి. కొన్నేళ్లు బేరమాడి మొత్తం కొనేశారు. తర్వాత ఆండీ వార్హోల్ లాంటివాళ్లు కొనడం మొదలుపెట్టారు. జాస్పర్ జాన్స్ అయితే తన పెయింటింగుల్లోనే ఓర్ కుండలు గీశారు. 1950ల్లో పీటర్ వోల్కోస్ తరం కుండను చీల్చి శిల్పం చేస్తే కొత్త అన్నారు. ఓర్ ఆ దారిలో యాభై ఏళ్ల ముందే నడిచారు.

ఇప్పుడు బిలాక్సీలో ఓర్ పేరిట మ్యూజియం ఉంది. డిజైన్ ఫ్రాంక్ గేరీది. కట్టడం సాగుతుండగానే 2005లో కత్రినా తుఫానుకు ఓ క్యాసినో పడవ కొట్టుకొచ్చి దాని మీద పడింది. మళ్లీ కట్టి 2010లో తెరిచారు.