1967లో జాకిర్ హుస్సేన్ సాబ్‌కు పడిన ఓట్లు

1967 మే 6న జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో 17 మంది పోటీ చేశారు. అసలు పోటీ మాత్రం ఇద్దరి మధ్యే. ఆ ఇద్దరూ మన గడ్డ మీద పుట్టినవాళ్లే. ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల మద్దతుతో నిలబడ్డారు. రెండోవారు హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్. కాంగ్రెస్ అభ్యర్థి, అప్పటికే ఉపరాష్ట్రపతి. ఒకరు హిందువు, ఇంకొకరు ముస్లిం. ఓటు వేసే ఎంపీలు, ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది హిందువులు.

జాకిర్ సాబ్ 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. వాళ్ల ఖాందాన్ ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్‌కు చెందిన అఫ్రీదీ పఠాన్లు. వాలిద్ ఫిదా హుస్సేన్ ఖాన్ వకాలత్ కోసం హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. కొడుక్కి పదేళ్లప్పుడు ఆయన చనిపోవడంతో కుటుంబం తిరిగి కాయంగంజ్ వెళ్లిపోయింది. 1911లో ప్లేగు తల్లినీ తీసుకుపోయింది. ఆ పిల్లవాడు ఇటావాలో స్కూలు చదువు, అలీగఢ్‌లో కాలేజీ చదువు పూర్తి చేశాడు.

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచే కాలేజీని వదిలి రమ్మని పిలిచారు. బయటికి వచ్చిన వాళ్లలో జాకిర్ సాబ్ ఒకరు. అలా పుట్టిందే జామియా మిల్లియా ఇస్లామియా. తర్వాత ఆయన బెర్లిన్ వెళ్లి ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1926లో తిరిగి వచ్చారు. అప్పటికి జామియా మూతపడే స్థితిలో ఉంది. 29 ఏళ్ల వయసులో దాన్ని నెత్తికెత్తుకున్నారు. 1928లో ఆయన, తోటి ఉపాధ్యాయులు కొందరు కలిసి 20 ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా పని చేస్తామని మాట ఇచ్చుకున్నారు. బెర్లిన్ డాక్టరేట్ ఉన్న మనిషికి అంతకన్నా మంచి జీతం ఎక్కడైనా దొరికేదే. చందాలు వసూలు చేసుకుంటూ 22 ఏళ్లు అక్కడే ఉన్నారు.

ఆయన మతం గురించిన పంచాయితీ 1967లో కొత్తగా పుట్టింది కాదు. మొదట అది మనవాళ్ల నుంచే వచ్చింది. 1937లో గాంధీజీ పిలుపు మీద ఆయన వార్ధా విద్యా పథకం కమిటీకి అధ్యక్షత వహించారు. చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న పథకం అది. ముస్లిం లీగ్ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1946లో తాత్కాలిక ప్రభుత్వంలోకి కాంగ్రెస్ ఆయన పేరు ఇస్తే, లీగ్‌కు చెందని ముస్లిం కుదరదని జిన్నా అడ్డుపడ్డారు. అంటే ఒక పార్టీ లెక్కలో ఆయన ముస్లిమే కానట్టు! ఆ ఏడాది నవంబరులో జామియా రజతోత్సవానికి నెహ్రూను, జిన్నాను ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, దేశంలో రగులుతున్న ద్వేషాన్ని ఆర్పమని ఇద్దరినీ వేడుకున్నారు. ఏడాది తిరగకముందే, 1947 ఆగస్టులో, జలంధర్ స్టేషన్‌లో అల్లరి మూక ఆయన్ను చంపబోయింది. అక్కడ ఆయన ముస్లిం అన్నదే నేరం. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడబట్టి బతికారు.

ఇంత జరిగినా ఆయన ఇక్కడే ఉన్నారు. దేశ విభజన తర్వాత అనుమానాల మధ్య నలిగిపోతున్న అలీగఢ్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. తర్వాత రాజ్యసభ, 1957 నుంచి బిహార్ గవర్నర్ పదవి. 1962లో ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు 568 ఓట్లు వస్తే ప్రత్యర్థికి 14 వచ్చాయి. ఆ మరుసటి ఏడాది భారతరత్న.

మరి 568కి 14 అన్న మనిషి విషయంలో ఐదేళ్లకే సందేహం ఎందుకు? రెండో కుర్చీ వేరు, మొదటి కుర్చీ వేరు. రాష్ట్రపతి అంటే త్రివిధ దళాలకు అధిపతి. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగి రెండేళ్లు కూడా కాలేదు. పైగా ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ లోక్‌సభలో 520కి 283 సీట్లకు పడిపోయింది, చాలా రాష్ట్రాలు చేజారాయి. పార్టీ అధ్యక్షుడు కామరాజ్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌నే కొనసాగించాలనుకున్నారు. ఇందిరా గాంధీ జాకిర్ సాబ్ పేరు మీదే నిలబడ్డారు. ఆ ఓటు రహస్యం, విప్ ఉండదు. పైకి సెక్యులర్ అని, లోపల ఇంకో గుర్తు పెట్టినా పట్టుకునేవాళ్లు లేరు.

ఇక్కడ సుబ్బారావు గారి గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఆయన చిన్న మనిషి కాదు. పౌరుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించకూడదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు ఆ ఫిబ్రవరిలో ఇచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది ఆయనే. కాంగ్రెస్ పెత్తనం మీద విసుగుతో ఆయనకు ఓటేసిన వాళ్లందరినీ ముస్లిం వ్యతిరేకులు అనడం తప్పు. అలాగే ఇంకో మాట. ముస్లింని గెలిపించి దేశం గొప్పతనం చూపిద్దాం అని ఓటేసినవాడు, ముస్లిం కాబట్టి వద్దు అన్నవాడు, ఇద్దరూ చూసింది ఆయన మతాన్నే. మొదటివాడి మనసు మంచిదే, కాదనలేం. కానీ జామియాలో 22 ఏళ్ల చాకిరీ, అలీగఢ్, బిహార్, రాజ్యసభ ఛైర్మన్‌గా ఐదేళ్లు... ఆ లెక్క ఇద్దరి పుస్తకంలోనూ రాలేదు.

ఓట్లు లెక్కపెడితే జాకిర్ సాబ్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971. ఇవి మనుషుల సంఖ్య కాదు, ఒక్కో ఎంపీ, ఎమ్మెల్యే ఓటుకు ఉండే విలువను కలిపిన మొత్తం. తేడా 1,07,273. భయపడినంత ఏమీ జరగలేదు.

మే 13న ప్రమాణం చేశాక దేశమంతా తన ఇల్లని, ప్రజలంతా తన కుటుంబమని ఆయన చెప్పారు. తాను ముస్లిం అన్న సంగతి దాచుకోలేదు, దాన్ని ముందు పెట్టి ఓటూ అడగలేదు. రాష్ట్రపతి భవన్‌లో ఆయనకు ఇష్టమైన పని గులాబీలు పెంచడం. రెండేళ్లు కూడా నిండలేదు. 1969 మే 3న పదవిలో ఉండగానే ఇంతకాల్ అయ్యారు. ఆయన్ను దఫన్ చేసింది ఢిల్లీలో, జామియా ఆవరణలోనే.