అమ్మ పాటకు బడిలో పీట వేసిన ఫ్రోబెల్

ఇల్మెనౌ (జర్మనీ): ఎల్‌కేజీ, యూకేజీ అనే మాటలు వినని తెలుగు ఇల్లు ఉండదు. వాటిలోని ‘కేజీ’ అంటే కిండర్‌గార్టెన్. జర్మన్‌లో ‘పిల్లల తోట’ అని అర్థం. ఆ పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ఎక్కడి వారో కాదు. టెక్నికల్ యూనివర్సిటీ పుణ్యమా అని మన విద్యార్థులకు పరిచయమైన ఈ ఇల్మెనౌకు దగ్గర్లోని తురింగియా కొండల వారే.

1782 ఏప్రిల్ 21న ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్లో పాస్టరు గారింట పుట్టారు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. తండ్రికి చర్చి పనులతోనే సరిపోయేది. సవతి తల్లికి సొంత బిడ్డ పుట్టాక ఈ పిల్లవాడు పరాయివాడైపోయాడు. పదేళ్ల వయసులో మేనమామ తనతో స్టాడ్టిల్మ్ తీసుకెళ్లారు. ఇల్మెనౌలో పారే ఇల్మ్ నది ఒడ్డునే ఆ ఊరు కూడా ఉంది. అక్కడే ఆ పిల్లవాడి మనసు కుదుటపడింది.

అడవి పని నేర్చుకున్నారు, యూనివర్సిటీకి వెళ్లారు, 1805లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో టీచరయ్యారు. స్విట్జర్లాండ్‌లో పెస్టలోజీ బడిలో 1808 నుంచి రెండేళ్లు గడిపారు. 1816లో స్టాడ్టిల్మ్ పక్కనే గ్రీస్‌హైమ్‌లో సొంత బడి పెట్టారు. మొదటి విద్యార్థులు అయిదుగురూ ఆయన అన్నదమ్ముల పిల్లలే. వారిలో ముగ్గురు తండ్రి పోయినవాళ్లు. మరుసటి ఏడాది ఆ బడి కైల్‌హావ్‌కు మారింది.

1840లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో కిండర్‌గార్టెన్‌కు శ్రీకారం చుట్టారు. బంతులు, చెక్క దిమ్మలు, పాటలు, పిల్లలే విత్తులు వేసి నీళ్లు పోసే మడులు. ఇదీ ఆయన చదువు. 1844లో తల్లుల పాటలు, వేళ్ల ఆటలతో బొమ్మల పుస్తకం వేశారు. అందులో వడ్రంగి, రొట్టెలు కాల్చేవాడు, అడవిలో బొగ్గులు కాల్చేవాడు ఉంటారు. అంటే పిల్లలు రోజూ చూసే మనుషులే పాఠాలయ్యారన్న మాట. అమ్మ ఒడి దక్కని మనిషే అమ్మ ఆటల్ని బడికి పునాది చేశారు.

కానీ 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మతానికి, రాజ్యానికి ముప్పు అనుకుంది. రాజకీయ భావాలున్న ఆయన అన్న కొడుకు రాతల్ని ఈయనకు అంటగట్టారని చెబుతారు. ఆ దిగులుతోనే 1852 జూన్ 21న కన్నుమూశారు. 1860లో నిషేధం ఎత్తేశారు గానీ చూడటానికి ఆయన లేరు.

మన దగ్గరా ఇలాంటి మనిషి ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. ఇంట్లో వినని భాషలో పాఠం చెబితే పిల్లలకు ఎలా ఎక్కుతుందన్నదే ఆయన పట్టుదల. వాడుక భాష కోసం చేసిన పోరాటానికి కూడా మూలం అదే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

విచిత్రం ఏమిటంటే, ‘కేజీ’ పేరు మనం తెచ్చుకున్నాం, తోటను మాత్రం వదిలేశాం. మూడేళ్ల పిల్లలతో ఏబీసీడీలు బట్టీ పట్టించి, తెలుగులో మాట్లాడితే కోప్పడే బడులు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఇక్కడ జర్మనీలోనూ, ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు జర్మన్ రాదేమోనని భయపడే తల్లిదండ్రులున్నారు. భయం అక్కర్లేదు. పిల్లలు రెండు భాషలూ నేర్చుకోగలరు. చెమ్మచెక్క, దాగుడుమూతలు, గోరుముద్దల పాటలు కిండర్‌గార్టెన్ టీచరుకు మీరే చెప్పి చూడండి. అమ్మ పాట బడిలో వినపడితే ఆ పిల్లలకు పరాయి ఊరు కాస్త సొంతమవుతుంది.

బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రోబెల్ మ్యూజియం ఉంది. ఇల్మెనౌ వచ్చినవాళ్లు ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్లి రావచ్చు.