బొమ్మ ఓడలతో సముద్రాన్ని కొలిచిన విలియం ఫ్రూడ్

విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో అర కిలోమీటరు పొడవు గల నీటి తొట్టి ఉన్నది. నౌకాదళం కోసం తలపెట్టిన ఓడలకు ముందుగా చిన్న నమూనాలు చేసి ఆ తొట్టిలో లాగి పరీక్షిస్తారు. నమూనా నీటిలో ఎలా నడిచిందో చూసి, అసలు ఓడకు ఎంత శక్తి కావాలో లెక్క కడతారు. ఈ పద్ధతికి ఆద్యుడు ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రూడ్. మే 4 ఆయన వర్ధంతి.

ఫ్రూడ్ 1810 నవంబరు 28న డెవన్ ప్రాంతంలోని డార్టింగ్టన్ గ్రామంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాధికారి. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం అభ్యసించి 1832లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. 1837లో ప్రఖ్యాత ఇంజనీరు బ్రునెల్ వద్ద చేరి, బ్రిస్టల్ - ఎక్సెటర్ రైలు మార్గ నిర్మాణంలో పనిచేశారు. తండ్రి ఆరోగ్యం క్షీణించడంతో 1846లో ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేశారు. అప్పటి నుంచి పడవలపై ఆయనకున్న సరదాయే వ్యాసంగంగా మారింది.

ఉయ్యాల లెక్క

1850ల చివర బ్రునెల్ తన మహానౌక 'గ్రేట్ ఈస్టర్న్' సముద్రంలో ఎలా ఊగుతుందో తేల్చమని ఫ్రూడ్‌ను కోరారు. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా తోస్తే ఎంత ఎత్తు లేస్తుందో అందరూ ఎరిగిందే. ఓడకూ తనదైన ఊపు ఉంటుంది. అలలు ఆ ఊపుతో కలిసి వచ్చినప్పుడే ప్రమాదమని ఫ్రూడ్ గణితంతో నిరూపించి, 1861లో నౌకానిర్మాతల సంస్థకు సమర్పించారు. ఓడ అడుగున ఇరువైపులా పొడవాటి రెక్కలు అమర్చి ఆ ఊపును తగ్గించవచ్చునని తర్వాత ప్రయోగాలు చేసి చూపారు.

హంస, కాకి

ఆ రోజుల్లో కొత్త ఓడకు ఎంత బలమైన ఇంజను కావాలో ముందుగా చెప్పగల వారు లేరు. లక్షలు పోసి కట్టాక గాని తప్పు తెలిసేది కాదు. చిన్న నమూనాలను లాగి చూసిన వారు లేకపోలేదు. కాని ఆ ఫలితాలు పెద్ద ఓడకు సరిపడక పోవడంతో నిపుణులు ఆ పనిని పిల్లలాటగా కొట్టిపారేశారు. నౌకానిర్మాణంలో పేరుమోసిన జాన్ స్కాట్ రస్సెల్ కూడా నమూనాలను నమ్మలేదు.

ఫ్రూడ్ 1867లో 'స్వాన్', 'రేవన్' అని పేర్లు పెట్టి రెండు రూపాల నమూనాలు చేయించారు. స్వాన్ అంటే హంస. దాని ముక్కు గుండ్రన. రేవన్ అంటే మాలకాకి. దాని ముక్కు వాడి. ఒక్కొక్క రూపంలో 3, 6, 12 అడుగుల పడవలు చేసి డార్ట్ నదిలో లాగించారు. నెమ్మదిగా పోయినప్పుడు వాడి ముక్కుది గెలిచింది. వేగం పెరిగేసరికి గుండ్రనిదే మేలయింది. అన్ని వేగాలకూ సరిపడే ఒకే రూపం లేదని తేలింది.

అంతకన్న ముఖ్యమైన రహస్యం అలల్లో దొరికింది. ఓడ పొడవులో పదహారో వంతు నమూనాను, ఓడ వేగంలో నాలుగో వంతు వేగంతో లాగాలి. అప్పుడే రెండింటి చుట్టూ లేచే అలలు ఒకే పోలికతో ఉంటాయి. నీటి రాపిడి మాత్రం ఈ లెక్కకు లొంగదు. దానిని విడిగా లెక్కించాలి. వెనుకటివారు తప్పింది ఇక్కడే.

ప్రభుత్వ పరీక్ష

1868లో శాస్త్రజ్ఞుల సంఘం ఒకటి పెద్ద ఓడలనే పరీక్షించాలని సిఫారసు చేయగా, సభ్యుడైన ఫ్రూడ్ ఒక్కరే విభేదించారు. 1870లో నౌకాదళ శాఖ ఆయనకు 2,000 పౌండ్లు మంజూరు చేసింది. టార్కీలో తన ఇంటి దగ్గరే 278 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు గల తొట్టి కట్టించారు. 1872లో పరీక్షలు మొదలయ్యాయి. కొయ్యకు బదులు మైనంతో నమూనాలు పోశారు. రూపం నచ్చకపోతే కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు.

లెక్క నిజమో కాదో తేలవలసింది సముద్రం మీదే. 1871లో 'గ్రేహౌండ్' అనే యుద్ధనౌకను 'యాక్టివ్' అనే మరో నౌకచేత లాగించి, తాడు మీది లాగుడును కొలిచారు. 1874లో ఫలితాలు వెలువడ్డాయి. చిన్న నమూనా చెప్పిన మాట పెద్ద ఓడ విషయంలో నిజమైంది.

1876లో రాయల్ సొసైటీ ఫ్రూడ్‌కు పతకం ఇచ్చి గౌరవించింది. విశ్రాంతి కోసం నౌకాదళ అతిథిగా ఓడ ఎక్కి దక్షిణాఫ్రికా వెళ్ళిన ఆయన, 1879 మే 4న సైమన్స్‌టౌన్‌లో కన్నుమూశారు. నౌకాదళ లాంఛనాలతో అక్కడే ఖననం చేశారు. కుమారుడు ఎడ్మండ్ ఆ పనిని కొనసాగించి 1886లో తొట్టిని హాస్లార్‌కు మార్చారు.

వేగానికి, పొడవుకు ఉన్న ఆ సంబంధాన్ని నేటికీ 'ఫ్రూడ్ సంఖ్య' అనే పిలుస్తారు. విశాఖ తొట్టిలో నమూనాను ఎంత వేగంతో లాగాలో నిర్ణయించేది ఆ సంఖ్యే.