ముడతలు కనబడకుండా గీయి నాయనా!

ఆరుగురు ఆడపిల్లల తండ్రంటే నాకు ముందు కట్నాల లెక్కే గుర్తొస్తుంది. ఇటలీలో క్రెమోనా ఊరి అమిల్కారే అంగ్విసోలా మాత్రం పెద్దమ్మాయి సోఫోనిస్బాని చిత్రకారుడి దగ్గర చదువుకి పెట్టాడు. మగవాళ్ల దేహం చూసి గీసే పాఠాలు అప్పట్లో ఆడవాళ్లకి లేవు. సరే, ఇంట్లోవాళ్లనే గీసింది! 1555లో వేసిన చదరంగం బొమ్మ చూడండి. ముగ్గురు చెల్లెళ్లు, పక్కన పనిమనిషి. అక్కలు ఆడుతుంటే చిన్నది పళ్లు కనబడేలా నవ్వుతుంటుంది. రాజులూ రాణుల బొమ్మలకన్నా నాకిదే ఇష్టం.

1559లో స్పెయిన్ రాణికి చెలికత్తెగా, బొమ్మలు నేర్పే పంతులమ్మగా వెళ్లింది. 1560లో రాజు రెండో ఫిలిప్ పెళ్లివేడుకలో గల్యార్డా నాట్యానికి అందరికంటే ముందు లేచిన జంటలో ఈమే ఉంది. గెంతులూ చురుకైన అడుగులూ ఉన్న నాట్యమది. గొప్పింటి పిల్లలకి అదీ రావాలి మరి. ఆ గొప్పింటితనమే అడ్డొచ్చింది, బొమ్మలు అమ్ముకోకూడదు! కొలువులో వేసిన చాలావాటి మీద సంతకం కూడా లేదు. ఆమె గీసిన ఫిలిప్ చిత్రాన్ని ఎన్నో ఏళ్లు మగ చిత్రకారుడిదనే అనుకున్నారు. ఇప్పుడు ప్రాడో మ్యూజియంలో ఆమె పేరు పెట్టారు.

1624లో పలెర్మోలో కుర్ర చిత్రకారుడు వాన్ డైక్ చూడబోయేసరికి తొంభై దాటిన ఆమెకి చూపు ఆనడం లేదు. అయినా తన బొమ్మ గీస్తున్న అతనికి, వెలుగు మరీ పైనుంచి పడితే ముడతలు ఎక్కువ కనబడతాయని చెప్పి మరీ గీయించుకుందట.