వైను బప్పు

హైదరాబాదు నగరమున బేగంపేటలో నిజామియా వేధశాల యుండెను. ఖగోళశాస్త్రముపై మక్కువగల నవాబు జఫర్ జంగు 1901వ సంవత్సరమున దానిని తన సొంత ధనముతో స్థాపించెను. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి, పిమ్మట బేగంపేటకు మార్చెను. అచ్చటి ఉద్యోగులు రాత్రులందు ఆకాశమును ఛాయాచిత్రములుగా తీసి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను లెక్కించి పట్టికలుగా ప్రకటించిరి. ఆ వేధశాలలో బప్పు అనునతడు పనిచేయుచుండెను. ఆయన కుమారుడే వైను బప్పు. స్వతంత్ర భారతదేశమున ఖగోళ పరిశోధనకు పునాదులు వేసినవారిలో ఆయన ముఖ్యుడు.

వైను బప్పు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించెను. వారిది మలయాళ కుటుంబము. అయినను బాలుడు పెరిగినది హైదరాబాదులోనే. తక్కిన పిల్లలకు వింతగా తోచు దూరదర్శిని అతనికి చిన్ననాటి నుండియు చిరపరిచితమయ్యెను. నిజాం కళాశాలలో చదువుకొను కాలముననే అతడు చరకాంతి తారలను పరిశీలింప మొదలిడెను. కొన్ని తారల కాంతి ఎల్లప్పుడు ఒక్కతీరుగ నుండదు. పెరుగుచు తరుగుచు నుండును. అట్టివానిని చరకాంతి తారలందురు. పరిశీలకుడు అట్టి తారను మార్పులేని పొరుగు తారలతో పోల్చిచూచి, ఎంత వెలుగుచున్నదో వేళతో సహా వ్రాసికొనవలెను. ఒక రాత్రి వ్రాసిన అంకెకు విలువ కొంచెమే; నూరు రాత్రుల అంకెలు చేరిననే తార నడవడి తెలియును. ఇట్టి ఓపికతో కూడిన పరిశీలనలను బప్పు 1946 నాటికే ప్రకటించెను.

హైదరాబాదు ప్రభుత్వ మొసగిన విద్యార్థివేతనముతో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. అచ్చట 1949 జూలై 2వ తేదీన, తాను తీసిన ఆకాశ చిత్రములో అంతవరకెవరును ఎరుగని తోకచుక్క యొకటి ఆయనకు కనబడెను. అది కొత్తదియే యని బోక్, న్యూకిర్క్ అను ఇరువురు నిర్ధారింపగా, దానికి మువ్వురి పేర్లును కలిపి బప్పు-బోక్-న్యూకిర్క్ తోకచుక్క యని పేరిడిరి.

హార్వర్డు వేధశాలలో ఆకాశమును చిత్రించి గాజుపలకలపై భద్రపరచు ఆచారము పందొమ్మిదవ శతాబ్దము నుండియు నుండెను. ఆ పలకల విలువ యెంతటిదో తరువాత జరిగిన ఒక సంగతి వలన తెలియగలదు. 1975 ఆగస్టు మాసమున ఏరియల్-5 అను ఉపగ్రహము ఏకశృంగి నక్షత్రమండలములో ఒక క్రొత్త ఎక్స్ కిరణ తారను కనుగొనెను. కొలది దినములలోనే అది ఆకాశమునందలి తక్కిన ఎక్స్ కిరణ తారలన్నింటిని మించి వెలిగెను. అంతట హార్వర్డు పలకలను వెదకిచూడగా, అదే తార 1917లోను ఒకమారు భగ్గున వెలిగి ఆరినట్లు కానవచ్చెను. నాడు దానిని గమనించినవారు లేరు. ఏబదియెనిమిది ఏండ్లు ఆ చిహ్నము గాజుపై మౌనముగా నిలిచియుండెను. 1986లో శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి, అచ్చట కంటికి కానరాని వస్తువొకటి కలదనియు, దాని ద్రవ్యరాశి సూర్యునికి మూడు రెట్లకంటె హెచ్చనియు తేల్చిరి. అది కృష్ణబిలము.

కృష్ణబిలమునుండి కాంతియు వెలువడజాలదు. అయినను దానితో జంటగా తిరుగు నక్షత్రము నుండి వాయువు జారి, బిలము చుట్టును పళ్లెరము వలె పేరుకొనుచుండును. కోనసీమ కాలువలలో లాకుల వెనుక నిలిచిన నీరు తలుపులెత్తగానే ఉరికినట్లు, ఏండ్లతరబడి పేరుకొన్న వాయువు ఒకనాడు వేడెక్కి లోనికి ఉరుకును. అప్పుడు పళ్లెరపు వెలుపలి భాగము సామాన్య కాంతితోను, బిలమునకు చేరువనున్న భాగము ఎక్స్ కిరణములతోను వెలుగును. బయటికి చిమ్మబడు ధారలు రేడియో తరంగములను వెలువరించును. కావున ఒక విధమైన కాంతిని మాత్రమే చూచినవాడు ఆ విస్ఫోటములో కొంత మాత్రమే చూచినవాడగును.

నక్షత్రకాంతిని విడదీసి చదువు విద్యలోను బప్పు ఆరితేరెను. హార్వర్డులో డాక్టరు పట్టమునొంది, కార్నెగీ సంస్థ సహాయముతో పాలొమార్ వేధశాలకు వెళ్లి విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసెను. చల్లని తారల వర్ణపటములో కాల్షియము వలన కలుగు ఒక రేఖ వెడల్పునుబట్టి ఆ తార నిజకాంతిని, దానినుండి దూరమును తెలిసికొనవచ్చునని వారు కనుగొనిరి. 1957లో ప్రకటితమైన ఈ సత్యమునకు విల్సన్-బప్పు ప్రభావమని పేరు.

ప్రపంచమున మిక్కిలి గొప్ప దూరదర్శినులు గల చోటును విడిచి, ఆయన 1953లో స్వదేశమునకు మరలివచ్చెను. నాడు మన దేశమున పెద్ద దూరదర్శినులు లేవు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలను నైనితాలులో నెలకొల్పి, 1960లో కొడైకనాలు వేధశాలకు అధిపతి యయ్యెను. రాత్రి పరిశీలనలకు అనువైన చోటు కొరకు వెదకి, తమిళనాడులోని జవ్వాదు కొండలలో కావలూరు గ్రామమును ఎన్నుకొనెను. 1968లో అచ్చట నిలిపిన మొదటి దూరదర్శిని కొడైకనాలు కర్మశాలలో తయారైనదే. 1972లో ఒక మీటరు అద్దముగల దూరదర్శిని వచ్చెను. 1977లో యురేనస్ గ్రహమునకు వలయములున్నవని వెల్లడించిన పరిశీలనలలో కావలూరు పరిశీలన యొకటి.

అంతటితో ఆయన తృప్తినొందలేదు. రెండు మీటర్లకు మించిన అద్దముగల దూరదర్శినిని మనవారే నిర్మింపవలెనని సంకల్పించి పని ప్రారంభింపజేసెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘము ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొనెను. కాని తాను తలపెట్టిన దూరదర్శినిలో ఒక్క తారనైనను చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1982 ఆగస్టు 19వ తేదీన, ఏబదియైదేండ్లు నిండిన తొమ్మిదవ నాడు, జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఆయన కన్నుమూసెను. సహచరులు పని నిలుపలేదు. 1986 జనవరి 6వ తేదీన ఆ దూరదర్శిని జాతికి అంకితమయ్యెను. దానికి ఆయన పేరే పెట్టిరి.

ఆయన తీర్చిదిద్దిన భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ ఇతర సంస్థల సహకారముతో ఒక అతినీలలోహిత దూరదర్శినిని నిర్మించెను. దానిని మోసికొని ఆస్ట్రోశాట్ ఉపగ్రహము 2015 సెప్టెంబరు 28వ తేదీన మన శ్రీహరికోట నుండి ఆకాశమున కెగసెను. అందు ఎక్స్ కిరణములను కొలుచు సాధనములును గలవు. 2018లో ఒక కృష్ణబిలపు జంట భగ్గున వెలిగినపుడు ఆస్ట్రోశాట్ దానిని పలువిధముల కాంతులలో పరిశీలించెను.

వెలిగి ఆరిపోవు తార పరిశీలకుని కొరకు వేచియుండదు. అది వెలిగిన రాత్రి చూచి వ్రాసికొనువాడు ఉండవలెను. లేనిచో ఆ సత్యము తప్పిపోవును. హైదరాబాదులో ఒక విద్యార్థి రాత్రివెంట రాత్రి తారల వెలుగును వ్రాసికొన్న పనియు, ఉపగ్రహము నేడు చేయు పనియు స్వభావమున ఒక్కటియే. ఆ పని మన దేశమున ఎడతెగక సాగుటకు కావలసిన సాధనములను, మనుష్యులను సమకూర్చుటయే బప్పు జీవితకాల కృషి.