అధ్యాపకుల గదిలో నీళ్ల కుండ: సాటి ఉపాధ్యాయుల మధ్య అంబేడ్కర్

1918 నవంబర్ 11న బొంబాయిలోని సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరేనాటికి భీమ్‌రావ్ అంబేడ్కర్ వయసు 27 ఏళ్లు. జీతం నెలకు 450 రూపాయలు. అప్పటికే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేశారు. డబ్బు లేక లండన్ చదువు సగంలో వదిలేసి వచ్చారు. బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే తలదాచుకోవడానికి ఇల్లు కూడా దొరకనివ్వలేదు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

మొదట్లో విద్యార్థులు ఆయన్ని లెక్కచేయలేదు. అంటరాని కులం నుంచి వచ్చినవాడు మనకేం చెబుతాడని చూశారు. కొన్ని వారాల్లోనే ఆ చూపు మారింది. ఆయన పాఠాల తయారీ చూసి, విషయం మీద పట్టు చూసి, వేరే కాలేజీల పిల్లలు కూడా అనుమతి తీసుకుని వచ్చి కూర్చునేవారు. విద్యార్థులు అంత త్వరగా మారారు గానీ సాటి అధ్యాపకుల్లో కొందరు మారలేదు. స్టాఫ్ కోసం పెట్టిన కుండలోంచి ఆయన నీళ్లు తాగడానికి వీల్లేదని అభ్యంతరం చెప్పారు.

అంబేడ్కర్ జీవితకథ చెప్పేవాళ్లు ఈ కుండ దగ్గర ఒక్క నిమిషం ఆగి, చౌదార్ చెరువు వైపు వెళ్లిపోతారు. మహాడ్ సత్యాగ్రహం ముందు ఇది చిన్న విషయంలా కనిపించడం సహజమే. మేము మాత్రం ఇక్కడే ఇంకాసేపు ఆగదలిచాం. ఎందుకంటే ఆ కుండ ఉన్నది ఊళ్లో కాదు, చదువుకున్నవాళ్ల గదిలో. ఒక అధ్యాపకుడు పాఠం ఎలా చెప్పాడో, ఎక్కడ తడబడ్డాడో, ఏ పుస్తకం చదివితే బాగుంటుందో చెప్పాల్సింది పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో అధ్యాపకుడే. నీళ్లే పంచుకోనివాడు ఆ మాట ఎలా చెబుతాడు? చెప్పినా అది పాఠం గురించి చెప్పిన మాటో, పుట్టుక గురించి అన్న మాటో వినేవాడికి తెలిసేదెలా?

ఇంకో రకం గది ఎలా ఉంటుందో అంబేడ్కర్‌కు అప్పటికే తెలుసు. 1916 మే 9న, కొలంబియాలో గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో, భారతదేశంలో కులాల పుట్టుక గురించి ఆయన ఒక పత్రం చదివారు. అప్పుడాయనకు 25 ఏళ్లు. సెమినార్ అంటేనే రాసింది పదిమంది ముందు పెట్టడం, వాళ్లు ప్రశ్నలేస్తుంటే నిలబడటం. కులాన్ని పుస్తకాల్లో మాత్రమే చదివినవాళ్ల మధ్య, కులం తగిలిన మనిషి తన సిద్ధాంతాన్ని చర్చకు పెట్టాడు. పూర్వపండితులు ఎక్కడ పొరబడ్డారో అందులో మొహమాటం లేకుండా చూపించాడు. ఆ పత్రం మరుసటి ఏడాది అచ్చయింది. ఈనాటికీ మన విద్యార్థులు మొదట చదివేది దాన్నే.

సిడెన్‌హామ్‌లో 1920 మార్చి దాకా పనిచేసి, జీతంలో మిగిల్చిన డబ్బుతో, కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయంతో, స్నేహితుడి దగ్గర తెచ్చిన అప్పుతో మళ్లీ లండన్ వెళ్లారు. అక్కడ ఆయనకు ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్. రూపాయి సమస్య మీద అంబేడ్కర్ రాసిన డి.ఎస్సీ. థీసిస్‌ను 1923లో పరీక్షకులు ఉన్నదున్నట్టుగా ఒప్పుకోలేదు, తిరిగి రాయమన్నారు. బొంబాయి వచ్చేసిన ఆయన ఇక్కడి నుంచే దాన్ని సరిచేసి పంపి డిగ్రీ తీసుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే అది పుస్తకంగా వచ్చింది. ముందుమాట రాసింది కానన్.

పరిశోధక విద్యార్థులు ఆ ముందుమాటను ఒక్కసారైనా చదవాలి. మామూలుగా గురువులు రాసే ముందుమాటల్లో పొగడ్తే ఉంటుంది. కానన్ మాత్రం అంబేడ్కర్ వాదనల్లో చాలా వాటితో తాను ఏకీభవించడం లేదని అక్కడే రాసేశారు. గోల్డ్ ఎక్స్చేంజ్ స్టాండర్డ్ పట్ల అంబేడ్కర్‌కున్న వ్యతిరేకత తనకు లేదన్నారు. అయినా కొన్నిచోట్ల ఈ రచయిత సరిగ్గా గురి చూసి కొట్టాడనీ, తప్పనిపించిన చోట కూడా ఆ ఆలోచనలోని తాజాదనం తనను కదిలించిందనీ చెప్పారు. అంబేడ్కర్ ఆ ముందుమాటను తీసేయలేదు. తన పుస్తకం మొదటి పేజీల్లోనే తన గురువు తనతో విభేదిస్తుంటే, దాన్ని అలాగే అచ్చువేయించారు. ఆ అభిప్రాయభేదంలో కులం లేదు. వాదన మీద వాదన మాత్రమే ఉంది. కుండ దగ్గర దొరకనిది ఆయనకు ఇక్కడ దొరికింది.

ఆ తర్వాత బొంబాయిలో ఆయన వకీలు, ఉద్యమకారుడు, శాసనమండలి సభ్యుడు. మధ్యలో పాఠాలూ చెప్పారు. 1925 నుంచి 1928 దాకా బాట్లీబాయ్ అకౌంటెన్సీ సంస్థలో వాణిజ్య చట్టం, 1928లో ప్రభుత్వ లా కాలేజీలో ప్రొఫెసర్ పని, 1935 జూన్ నుంచి 1938 దాకా అదే కాలేజీకి ప్రిన్సిపాల్. రమాబాయి చనిపోయిన కొద్దిరోజులకే ఆ పదవిలో చేరారు. అదే అక్టోబర్‌లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. ఒక ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ అలా ప్రకటించాడంటే స్టాఫ్ రూంలో ఎన్ని గుసగుసలు నడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఈ కాలంలోనే ఆయన చేసిన ఇంకో పని గురించి మన వేదికల మీద దాదాపు ఎవరూ మాట్లాడరు. 1924లో బొంబాయి విశ్వవిద్యాలయ సంస్కరణల కమిటీ ప్రశ్నావళికి ఆయన రాతపూర్వకంగా జవాబిచ్చారు. విశ్వవిద్యాలయమంటే పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే ఆఫీసు కాకూడదన్నది అందులో ఆయన వాదన. కాలేజీలు ఎవరికి వారుగా ఉండకుండా బోధనలో భాగస్వాములు కావాలని, పోస్టు గ్రాడ్యుయేట్ చదువును డిగ్రీ చదువు నుంచి విడదీయడమంటే పరిశోధనను బోధన నుంచి విడదీయడమేనని చెప్పారు. ఒకే సబ్జెక్టు చెప్పే నలుగురు నాలుగు గోడల మధ్య ఒంటరిగా చెప్పుకుంటూ పోతే, ఏ ఒక్కరి పాఠమూ ఇంకొకరి కంటపడదు, ఎవరి లోపమూ బయటికి రాదు. ఈ సంగతి ఆయన ఆ వయసుకే గ్రహించారు.

సొంతంగా సంస్థ పెట్టే అవకాశం వచ్చింది 1945లో. ఆ జులైలో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, మరుసటి జూన్‌లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలయ్యాయి. మొదటి ప్రిన్సిపాల్‌గా ఆయన తెచ్చుకున్నది సంస్కృత పండితుడు, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా చేసిన ఎ.బి. గజేంద్రగడ్కర్‌ను. బ్రాహ్మణుడు. మనువును తగలబెట్టిన మనిషి తన కాలేజీని బ్రాహ్మణుడి చేతిలో ఎందుకు పెట్టాడని ఇప్పటికీ మన స్టడీ సర్కిళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మా జవాబు ఇది: సిడెన్‌హామ్‌లో కుండ ఎవరి అధీనంలో ఉందో, ఎవరు అడుక్కోవాల్సి వచ్చిందో చూడండి. సిద్ధార్థలో కుండ అంబేడ్కర్‌ది. పని తెలిసినవాణ్ని ఏ కులం నుంచైనా పిలవగల స్థితి అది. అక్కడికొచ్చి పాఠం చెప్పే సవర్ణ అధ్యాపకుడు దళిత వ్యవస్థాపకుడి కింద, దళిత విద్యార్థుల ముందు, దళిత సహోద్యోగి పక్కన పనిచేయాలి. ఇష్టమైతేనే వస్తాడు.

1950లో ఔరంగాబాద్‌లో రెండో కాలేజీ తెరిచారు. ఇది మన కథ కూడా. ఎందుకంటే అప్పుడు ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా. సంగారెడ్డి కేంద్రంగా ఉన్న మన మెదక్ జిల్లా, మధ్యలో బీదర్, ఆ చివర మరాఠ్వాడా, అన్నీ ఒకే ప్రభుత్వం కింద ఉన్నాయి. అంబేడ్కర్ కాలేజీకి అనుబంధం ఇచ్చింది ఉస్మానియా విశ్వవిద్యాలయం. మరాఠ్వాడా విశ్వవిద్యాలయం వచ్చింది 1958లో. 1953 జనవరి 12న ఉస్మానియా ఆయనకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. ఆ పట్టా గురించి మన దగ్గర అందరికీ తెలుసు. అదే ఉస్మానియా గొడుగు కింద ఆయన కాలేజీ నడిచిందన్నది మాత్రం తక్కువమందికి తెలుసు.

1951 సెప్టెంబర్ 1న రాజేంద్రప్రసాద్ ఆ కాలేజీ భవనానికి శంకుస్థాపన చేశారు. తర్వాత దానికి మిలింద్ మహావిద్యాలయ అని పేరు పెట్టారు. ప్రాంగణం పేరు నాగసేనవనం. ఈ రెండు పేర్లూ ఎందుకు జతగా వచ్చాయో చూస్తే, అంబేడ్కర్ అధ్యాపకుల నుంచి ఏమి ఆశించారో తెలుస్తుంది.

మిలిందుడు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు గ్రీకు రాజు. సాగల నగరం రాజధాని. వాదనలో తనను మించినవాడు లేడని గర్వం. బౌద్ధ భిక్షువు నాగసేనుడు ఎదురైనప్పుడు చర్చకు రమ్మన్నాడు. నాగసేనుడు ముందు ఒక షరతు పెట్టాడు. పండితుల్లా చర్చిస్తానంటే సరే, రాజుల్లా అయితే కుదరదు అన్నాడు. తేడా ఏమిటని రాజు అడిగాడు. పండితుల చర్చలో ఒకరు ముడి వేస్తే ఇంకొకరు విప్పుతారు, తప్పు చూపిస్తారు, తప్పు ఒప్పుకుంటారు, ఎవరికీ కోపం రాదు. రాజులు ఒక మాట అంటారు, కాదన్నవాణ్ని శిక్షిస్తారు. నాగసేనుడి వివరణ సారాంశం ఇది. మిలిందుడు షరతుకు ఒప్పుకుని చర్చించి, ఓడి, ఓటమిని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. గెలిచిన భిక్షువు పేరు ప్రాంగణానికి, ఓడిన రాజు పేరు కాలేజీకి. వాదనలో తన తప్పు తెలిశాక దాన్ని ఒప్పుకునే నిజాయితీ అక్కడ చదివేవాళ్లకూ చెప్పేవాళ్లకూ రావాలన్నదే ఆ పేరు వెనకున్న ఉద్దేశం.

నాగసేనుడి షరతు మాకు ఇక్కడ, సుల్తాన్‌పూర్‌లో, బాగా అర్థమవుతుంది. ఇప్పుడిక్కడ మెడికల్ డివైసెస్ పార్కు ఉంది. పటాన్‌చెరు, సంగారెడ్డి పొడవునా ఫ్యాక్టరీల మధ్య కాలేజీలు లేచాయి. మాలో కొందరం ఇక్కడొక కాలేజీలో గెస్ట్ లెక్చరర్లుగా పనిచేశాం. నాక్ బృందం వస్తోందంటే ఒకరి క్లాసులో ఇంకొకరు కూర్చుని అభిప్రాయం రాయాలని ఫారాలు పంచేవారు. ఎవరూ ఎవరి క్లాసులోనూ కూర్చోలేదు. అందరూ అందరికీ చాలా బాగుంది అని రాసి సంతకం చేశారు. పై అధికారి పాఠం గురించి ఉన్నమాట రాస్తే వచ్చే ఏడాది రెన్యువల్ ఉండదు. రిజర్వేషన్‌లో వచ్చిన అధ్యాపకుడి పాఠంలో లోపముంటే, ఆ లోపం ఆయన ముందు ఎవరూ చెప్పరు. క్యాంటీన్‌లో మాత్రం అది కోటా గురించిన జోకుగా తిరుగుతుంది. దాంతో మనవాళ్లు కూడా ఒక కవచం వేసుకున్నారు. నిజంగా మేలుకోరి చెప్పిన మాటను కూడా కులం మాటగానే వింటారు. వాళ్లను తప్పుపట్టలేం. వందసార్లు కులమే మాట్లాడాక నూటొకటోసారి పాఠమే మాట్లాడిందని నమ్మడం కష్టం. నష్టపోయేది మాత్రం బెంచీల మీద కూర్చున్న మన పిల్లలు.

ఇంతకీ అంబేడ్కర్ తాను నాగసేనుడి షరతు పాటించారా? సొసైటీలో ఆయన మాటే చివరి మాట. భవనాల నిర్మాణం దాకా ప్రతిదీ తానే చూసుకునే మనిషి. ఎదుటివాళ్లు జంకేవారనడంలో ఆశ్చర్యం లేదు. ఆయన పోయాక సొసైటీ పెత్తనం కోసం వర్గాలుగా చీలి కోర్టులకెక్కిన చరిత్ర కూడా మనదే. వ్యవస్థాపకుడి ముందు కాదని చెప్పే అలవాటు లోపల గట్టిపడి ఉంటే ఆ తగాదాలు అంత దూరం వెళ్లేవి కావేమోనని మాకనిపిస్తుంది. అయితే రచయితగా ఆయన తీరు వేరు. బుద్ధుడి మీద తాను రాస్తున్న గ్రంథాన్ని 1951లోనే యాభై ప్రతులు మాత్రం అచ్చువేయించి, అభిప్రాయాల కోసం పంచారు. ఆ తర్వాత ఏళ్లపాటు దాన్ని దిద్దుతూనే ఉన్నారు. 1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశాక, 1957లో అది బుద్ధుడు–ఆయన ధమ్మం అనే గ్రంథంగా వచ్చింది.

మిలింద్‌కు ఆయన ప్రిన్సిపాల్‌గా పెట్టింది ఎం.బి. చిట్నిస్‌ను. ఆయనా దళితుడు కాదు. యుగయాత్ర నాటకం రాసింది ఆయనే. తర్వాతి కాలంలో అమెరికాలో చదివి, నల్లజాతి రచయితల సాహిత్యం చదువుకుని వచ్చిన ఎం.ఎన్. వాంఖడే ఆ కుర్చీలో కూర్చున్నారు. మరాఠీ పాఠాలు చెప్పే గంగాధర్ పాన్‌తావణె ఆయన సహోద్యోగి. నల్లజాతివాళ్లు రాస్తున్నట్టు మనవాళ్లు ఎందుకు రాయడం లేదన్న చర్చ ఆ అధ్యాపకుల మధ్యే నడిచింది. కొత్తగా రాస్తున్న కుర్రవాళ్ల కథలు, కవితలు ఆ చర్చలోకి వచ్చాయి. 1960ల చివర్లో ఆ గదిలోంచే అస్మిత అనే పత్రిక వచ్చింది, తర్వాత అస్మితాదర్శ్‌గా దశాబ్దాలు నడిచింది. మరాఠీ దళిత సాహిత్యంలో రెండు తరాల రచయితలు మొదట అచ్చయింది అందులోనే.